నాన్నగారిని చేర్పించే ముందు ఒక రాత్రి అక్కడ భోంచేసి రండి

మీరడిగినది ఇదీ: నాన్నగారికి 78 ఏళ్ళు, రిటైరైన మాస్టారు, శ్రీకాకుళంలో ఒక్కరే ఉంటున్నారు. అమ్మగారు పోయి ఏడాదైంది. సుగరు, బీపీ ఉన్నాయి. మీరుండేది బెంగళూరులో. విజయనగరం దగ్గర ఒక సీనియర్ లివింగ్ వాళ్ళు రెండు వారాల మెనూ కాగితం ఇచ్చారు, చూడ్డానికి బాగానే ఉంది. ఆయన అక్కడ సరిగ్గా తింటారా? చేర్చేముందు భోజనం విషయంలో ఏం చూసుకోవాలి?

విజయనగరం శివార్లలో అలాంటి నివాసమొకదానిలో 11 ఏళ్ళు వంటశాల, భోజనాల హాలు రెండూ నేనే చూసుకున్నాను. అరవై మందికి పైగా పెద్దవాళ్ళు, నలుగురు వంటవాళ్ళు, ఆరుగురు వడ్డించే అమ్మాయిలు. అంతకుముందు ఆసుపత్రిలో డైటీషియన్‌ని. ఇప్పుడు రిటైరయ్యాను కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను.

ఆయన తింటారో లేదో మెనూ కాగితం చెప్పదు. ఏ మంగళవారమో బుధవారమో, రాత్రి భోజనం వేళకి, ముందు చెప్పకుండా వెళ్ళండి. వాళ్ళతోపాటు కూర్చుని తినండి. తిన్నాక కంచాలు కడిగే చోట నిలబడి ఏం తిరిగొస్తోందో చూడండి. ఆ అరగంటలో తెలిసేది మేనేజరుగారి గదిలో రెండు గంటలు కూర్చున్నా తెలీదు.

రాత్రే ఎందుకంటారా? మధ్యాహ్నం భోజనం ఎక్కడైనా బాగానే ఉంటుంది. చూడ్డానికొచ్చే పిల్లలంతా పదకొండింటికి వస్తారు, ఒంటిగంటకి భోజనం పెట్టి పంపిస్తారు. పెద్ద వంటమనిషి తెల్లారి ఐదింటికొచ్చి రెండింటికి వెళ్ళిపోతాడు. రాత్రి వంట చిన్నవాడి చేతిలో పడుతుంది. మధ్యాహ్నం మిగిలిన సాంబారులో నీళ్ళు పోసి, మరో పోపు పెట్టి, చారని వడ్డించడం మా వంటింట్లోనే పట్టుకున్నాను నేను. పైగా వడ్డించే అమ్మాయిలు నెల్లిమర్ల వైపో గుర్ల వైపో ఇళ్ళకి చేరాలి. వాళ్ళకి బస్సు అందాలంటే భోజనాలు ఆరున్నరకే మొదలవ్వాలి. జన్మంతా ఎనిమిదిన్నరకి తిన్న మనిషిని ఆరున్నరకి కూర్చోబెడితే నాలుగు మెతుకులు కెలికి లేచిపోతాడు. మళ్ళీ టిఫిను పొద్దున్న ఎనిమిదింటికి. అంటే పదమూడు గంటల పైన కడుపు ఖాళీ. సుగరు మందు వేసుకునే వాళ్ళకి తెల్లవారుజామున సుగరు పడిపోయేది ఇలాంటప్పుడే.

మేం దగ్గర్లో ఇళ్ళున్న ఇద్దరు అమ్మాయిల్ని రాత్రికి పెట్టుకుని భోజనం ఏడుంబావుకి జరిపాం. తొమ్మిదింటికి గదికే గ్లాసుడు పాలు పంపేవాళ్ళం. జీతాల లెక్క పెరిగిందని యాజమాన్యం సణిగింది, అది వేరే సంగతి. మీరు మాత్రం ఈ ప్రశ్న అడగండి: "రాత్రి తొమ్మిదింటికి మా నాన్నకి ఆకలేస్తే ఏముంటుందండీ?" వంటింటికి తాళం వేసేస్తామంటే మీకు కావలసిన సమాధానం దొరికినట్టే.

ఇక కంచాలు. కడిగే తొట్టి పక్కన మేకుకి ఒక నోటుబుక్కు తగిలించాను. కడిగే ఆవిడకి చదువు రాదు. అందుకని గుర్తులు పెట్టుకున్నాం: అన్నం మిగిలితే సున్నా, కూర మిగిలితే అడ్డగీత, పప్పు మిగిలితే చుక్క. నెల తిరిగేసరికి చూస్తే గోరుచిక్కుడు, కాకర చక్రాలు, ములక్కాడ వండిన రోజుల్లో పేజీ నిండా అడ్డగీతలే. బీర, సొర, పొట్ల, గుమ్మడి వండినప్పుడు పేజీ ఖాళీ. అంతకుముందు ఎవరినడిగినా "బాగుందమ్మా" అనేవాళ్ళు. మనవాళ్ళు పెట్టిన చేతిని తిట్టరు కదా. పళ్ళు లేవన్న సంగతి నోటితో చెప్పడానికి సిగ్గు, కంచం మాత్రం దాచలేదు. అన్నం కూడా అంతే. కుర్ర వంటవాడు తనకి నచ్చినట్టు పొడిపొడిగా, పలుకు తగిలేలా వార్చేవాడు. గ్లాసు నీళ్ళు ఎక్కువ పోయించేసరికి సున్నాలు సగానికి తగ్గాయి.

చపాతీ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, మీ నాన్నగారికి సుగరు కాబట్టి. మెనూలో రాత్రి చపాతీ ఉండే ఉంటుంది. మా దగ్గర ఓ రిటైర్డు హెడ్‌మాస్టారు ఉండేవారు. రోజూ రెండు చపాతీలూ తినేసినట్టు కంచం ఖాళీగా వచ్చేది. ఒకరోజు ఆయన గది ఊడుస్తుంటే పాత పేపర్ల కట్టలోంచి ఎండిన చపాతీలు రాలాయి. రోజూ పేపరు మడతలో పెట్టుకెళ్ళి దాచేవారట. "ఏటమ్మా చేసేది, నమల్లేను. వద్దంటే మీరు డాక్టరుకి చెప్తారు" అన్నారు. రెండు నెలల్లో మనిషి నాలుగు కిలోలు తగ్గిపోయాడు. నా తప్పే. బరువులు మూడు నెలలకోసారి చూసేదాన్ని అప్పట్లో.

గోధుమలో పీచు కాస్త ఎక్కువే గానీ పిండిపదార్థం బియ్యానికి మరీ తక్కువేమీ కాదు. సుగరుకి ముఖ్యం ఎంత తిన్నాం, దానితోపాటు ఏం తిన్నాం అన్నది. ఆయనకి మెత్తటి అన్నం ఒక గరిటె, పప్పు రెండు గరిటెలు, కూర నిండుగా, పెరుగు పెట్టాం. సుగరు పెరగలేదు, బరువు తిరిగొచ్చింది. మన వైపు పెద్దవాళ్ళకి చపాతీ అంటే జ్వరం వచ్చినప్పటి తిండి. డాక్టరుగారితో ఒకసారి మాట్లాడి ఆయనకి అలవాటైన అన్నమే కొలతగా పెట్టమని రాయించుకోండి. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి పత్యం చేసి చిక్కిపోవడం, సుగరు కొంచెం అటూ ఇటూ అవడం కంటే ప్రమాదమే.

బరువుల రిజిస్టరు చూపించమనండి. నెల నెలా తూచాలి. నెలలో 5 శాతం, ఆరు నెలల్లో 10 శాతం తగ్గితే వెంటనే డాక్టరుకి చూపించాలి. 60 కిలోల మనిషికి నెలలో 3 కిలోలన్నమాట. రిజిస్టరు లేదంటే వాళ్ళు వంట చేస్తున్నారు గానీ ఎవరు తింటున్నారో చూడట్లేదు.

తర్వాతి గొడవ "రుచి లేదు". ఇది రోజూ వినేదాన్ని. వయసుతో వాసన తెలియడం తగ్గుతుంది, దాంతో రుచీ పోతుంది. బీపీకీ మనసుకీ వేసుకునే కొన్ని మందులకి నోరు ఎండిపోతుంది. అప్పుడు ఏం వండినా చప్పగానే ఉంటుంది. వంటవాడు చేసే మొదటి పని ఉప్పు పెంచడం. రోజుకి మొత్తం మీద 5 గ్రాములు, అంటే చెంచాడు ఉప్పు దాటకూడదన్నది లెక్క. అందులో ఆవకాయ, అప్పడం అన్నీ కలుస్తాయి. మన వంటలో దీనికి మందు ఉంది: పులుపూ ఘాటూ వాసనా. ఆవపెట్టిన కంద బచ్చలి చేయించిన రోజు ఉప్పు తగ్గించినా ఎవరూ కనిపెట్టలేదు. ఆవ ముద్ద అప్పటికప్పుడు నూరి, దించే ముందు కలపాలి. పొద్దున్న నూరి పెడితే చేదెక్కుతుంది, ఘాటు పోతుంది. చారులో ఇంగువ పోపు హాల్లోకి తెచ్చి అందరి ముందూ పెట్టించేదాన్ని. ఆ చుయ్యిమన్న శబ్దానికీ వాసనకీ నిద్రమొహంతో కూర్చున్నవాళ్ళు కూడా తలెత్తేవాళ్ళు.

ఆవకాయ పూర్తిగా మాన్పించానొకసారి. ఆరు వారాలకి గదుల్లో మంచాల కింద తొమ్మిది సీసాలు దొరికాయి, మూడు బెల్లం ఆవకాయ. కొడుకులూ కూతుళ్ళే తెచ్చిచ్చినవి! అప్పట్నుంచి బుద్ధొచ్చి, మధ్యాహ్నం పూట అర చెంచా నేనే వేయించేదాన్ని. దాచుకుని నాలుగు చెంచాలు తినడం కంటే నయం కదా.

మాంసకృత్తుల సంగతి చాలామంది పట్టించుకోరు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం పెద్దలకి కిలో బరువుకి రోజూ 0.83 గ్రాముల ప్రోటీను కావాలి. ముసలితనంలో కండ కరగకుండా ఉండాలంటే 1 నుంచి 1.2 గ్రాములు మంచిదని వృద్ధుల పోషణ చూసే నిపుణులు అంటారు. అంటే మీ నాన్నగారు 60 కిలోలుంటే 60, 70 గ్రాములు. చిన్న గిన్నెడు గట్టి పప్పులో ఆరేడు గ్రాములు, గుడ్డులో 6, గ్లాసు పాలలో ఆరేడు. అన్నం, చారు, మజ్జిగతో ముగించేవాళ్ళకి ఇందులో సగం కూడా అందదు. వెళ్ళినప్పుడు గరిటెతో పప్పు ఎత్తి చూడండి. నీళ్ళలా జారిపోతోందా, గరిటెకి అంటుకుని నిలబడుతోందా? కాంట్రాక్టరుకి తల ఒక్కింటికి ఇంతని వంట అప్పగించిన చోట్ల ముందు పలచబడేవి పప్పూ మజ్జిగా. వంట సొంతమా, కాంట్రాక్టా అనీ అడగండి. (కిడ్నీ జబ్బుంటే ఈ లెక్క మారిపోతుంది, కింద చెప్తాను.)

నువ్వులపొడి, ఉలవచారు, పెసరపప్పు కట్టు, చోడి (రాగి) అంబలిలో మజ్జిగ, ఇవన్నీ మన ఇళ్ళల్లో ఉన్నవే. మా చోడి అంబలి వెనక ఓ కథుంది. సోంపేట వైపు నుంచి ఒకావిడ చేరింది. భర్త పోయాడు, కొడుకు దుబాయిలో. ఇడ్లీ పెడితే చిదిమి వదిలేసేది, ఉప్మా ముట్టదు. వారమైనాక అడిగితే "మాకు పొద్దున్న అంబలేనమ్మా. ఇయ్యన్నీ పెళ్ళిలో తినేయి" అంది. మర్నాటి నుంచి అంబలి, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ. గ్లాసుడు తాగి ఇంకో గ్లాసు అడిగింది. వారం తిరక్కుండా పక్క టేబులు మాస్టార్లు కూడా అంబలే అడగడం మొదలెట్టారు. మెనూలో అంబలికి చోటుందా అని మీరూ అడగండి, మీ నాన్నగారికి అలవాటుంటే.

ఈవిడ దగ్గరే ఇంకోటి నేర్చుకున్నాను. భోజనాల గంట కొట్టగానే అందరూ కూర్చునేవాళ్ళు, ఈవిడ మాత్రం వంటింటి గుమ్మం పక్కన గోడకి ఆనుకుని నిలబడేది. కూర్చోమంటే "అందరూ తినీయండమ్మా, తరవాత నాను తింతాన్లే" అనేది. అరవై ఏళ్ళ అలవాటు. అందరూ తిన్నాక ఈవిడకి చల్లారిన అడుగు మిగిలేది. ఎంత చెప్పినా కూర్చోలేదు. చివరికి పొద్దున్న తోటకూర ఒలిచే పని వరండాలో అప్పజెప్పాను. "నీ కూర ఎలా కుదిరిందో వాళ్ళతోపాటు తిని చెప్పు" అన్నాను. ఆ రోజు కూర్చుంది.

దీనికి తోబుట్టువు మారు వడ్డన. మనలో మొదటిసారి "చాలు" అంటే చాలని కాదు, మర్యాద. కొత్త అమ్మాయిలు "చాలు" అనగానే ముందుకి వెళ్ళిపోయేవాళ్ళు. రెండుసార్లు అడగాలి, రెండోసారి గరిటె కంచం మీదికి వంచి అడగాలి అని నేర్పాను. మీరు కూర్చున్న రాత్రి ఈ ఒక్కటి గమనించండి: వడ్డించే అమ్మాయికి మనుషుల పేర్లు, ఎవరేం తింటారో తెలుసా? "పిన్నిగారూ, మీకు మెత్తటి ముద్ద పక్కన పెట్టేను" అని వినిపిస్తే ఆ చోటు మంచిదే.

మింగడం కష్టమైతే లక్షణం మనందరికీ తెలిసిన మాటే, పొలమారడం. అస్తమానూ పొలమారుతోంది, తిన్నాక గొంతు గరగర అంటోంది, ముద్ద నోట్లో అలాగే ఉంచుకుంటున్నారు అంటే తేలిగ్గా తీసుకోవద్దు, తిండి ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా తెస్తుంది. చాలామంది అనుకునేదానికి విరుద్ధంగా నీళ్ళు, టీ లాంటి పలచటివే ఎక్కువ పొలమారతాయి. కాస్త చిక్కగా ఉన్న జావ నెమ్మదిగా దిగుతుంది. ఎంత చిక్కగా ఉండాలన్నది మాత్రం మాటతోపాటు మింగడం ఇబ్బందులూ చూసే స్పీచ్ థెరపిస్టు పరీక్షించి చెప్పాలి. పక్షవాతం వచ్చిన ఒకాయనకి నేను అన్నం, పప్పు, కూర, చారు అన్నీ కలిపి మిక్సీలో వేసి బూడిదరంగు ముద్ద చేసి పంపాను. రెండు రోజులు నోరు తెరవలేదు. వాళ్ళావిడ వచ్చి చూసి, "ఇది కుడితి కదండీ" అంది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. మూడోరోజు నుంచి పప్పన్నం వేరే, గుమ్మడికాయ కూర వేరే, పెరుగన్నం వేరే మెదిపి, మూడు రంగులుగా పంపాం. తిన్నారు. తినేటప్పుడు నిటారుగా కూర్చోవాలి, తిన్నాక అరగంట పడుకోకూడదు.

కంచం రంగు కూడా ఒక విషయమే. బోస్టన్ యూనివర్సిటీ వాళ్ళు 2004లో అల్జీమర్స్ ఉన్నవాళ్ళకి తెల్ల కంచాలకి బదులు ఎర్ర కంచాల్లో పెట్టి చూస్తే పావు వంతు ఎక్కువ తిన్నారు. చూపు మందగించాక తెల్ల కంచంలో తెల్ల అన్నం కనపడదు మరి. మాకు ఎర్ర కంచాలు అక్కర్లేకపోయింది. మతిమరుపు ఉన్న ఆరుగురికి స్టీలు కంచంలో గుండ్రంగా కోసిన అరిటాకు వేసి పెట్టాం. పచ్చటి ఆకు మీద అన్నం కనిపించేది, పైగా చేతికి తెలిసిన తిండి. అందులో ఒకావిడ చెంచా మానేసి చేత్తో కలుపుకోవడం మొదలెట్టింది.

మందులూ తిండీ వేళలు కలవాలి. మా దగ్గర జరిగిన ఒక పొరపాటు చెప్తాను. ఓ రోజు పొద్దున్న గ్యాసు సిలిండరు అయిపోయింది, మారు సిలిండరు రెగ్యులేటరు పట్టలేదు. నర్సు మామూలుగానే ఏడున్నరకి ఇన్సులిన్లు వేసేసింది. అరగంటలో తిండి పడాల్సింది, ఎనిమిదింపావు దాటినా ఇడ్లీ రాలేదు. ఒక పెద్దాయన చెమటలు పట్టి, చేతులు వణికి, కుర్చీలోంచి జారారు. స్పృహలోనే ఉన్నారు గనక మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాం, పావుగంటలో తేరుకున్నారు. ఆ రోజు నుంచి నియమం: టిఫిను పళ్ళెం హాల్లోకొచ్చాకే సూది. మీ నాన్నగారు ఇన్సులిన్ మీద ఉంటే ఇది మొదట అడగండి. థైరాయిడ్ మాత్ర ఉంటే పరగడుపున వేసుకుని కనీసం అరగంట ఆగి కాఫీ. రక్తం పలచబడే వార్ఫరిన్ ఉంటే ఆకుకూర మానక్కర్లేదు, రోజూ ఒకే మోతాదులో తినాలి.

మీ జిల్లా ఉద్దానం వైపు నుంచి వచ్చినవాళ్ళలో కిడ్నీ జబ్బున్నవాళ్ళుండేవారు, ఆ ప్రాంతంలో ఆ జబ్బు ఎక్కువన్న సంగతి మీకు తెలియంది కాదు. వాళ్ళలో పొటాషియం పెరిగిన వాళ్ళకి కూరముక్కలు ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోసి వండాలి. కొబ్బరినీళ్ళు ఇవ్వకూడదు. కొబ్బరితోటల్లో పుట్టి పెరిగిన కవిటి మనిషికి "బోండాం వద్దు" అని చెప్పడం నా ఉద్యోగంలో కష్టమైన పనుల్లో ఒకటి. పప్పు ఎంత అన్నది కూడా వాళ్ళకి డాక్టరే చెప్పాలి. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, మీ నాన్నగారికి ఒకసారి చేయించి ఆ కాగితం వంటశాలకీ ఒకటి ఇవ్వండి. ఆఫీసు ఫైల్లో ఉన్న రిపోర్టు వంటవాడి దాకా రాదు.

నీచు సంగతి మొహమాటపడకుండా అడగండి. కొందరికి ఉల్లి, వెల్లుల్లి కూడా పడదు. కొందరికి ఆదివారం చేప లేకపోతే ఆదివారమే కాదు. మా దగ్గర గిన్నెలు వేరు, పొయ్యి వేరు, ఆదివారం చేపలకి వెనక వరండాలో బల్లలు. పూసపాటిరేగ తీరం నుంచి వంజరం వచ్చిన రోజు ముళ్ళు తీసి, ముక్క విడదీసి వడ్డించేవాళ్ళం. మెనూలో "నాన్‌వెజ్" అని ఉంటే ముళ్ళెవరు తీస్తారో కనుక్కోండి.

పండగల్లో మాత్రం లెక్కలు తప్పుతాయి. పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజు ఊళ్ళోకి జనం పోటెత్తుతారు, వంటవాళ్ళు సగంమంది సెలవు. ముందురోజే పులిహోర కలిపి పెట్టేసుకునేదాన్ని. రథసప్తమికి కొత్తబియ్యం పరమాన్నం చేస్తే సుగరువాళ్ళకి లేదనేదాన్ని మొదట్లో. ఓ ముసలాయన అరసవల్లి వైపు తిరిగి దణ్ణం పెట్టుకుని ఖాళీ చేతులు చూసుకున్నాడు. మర్నాడే సుగరువాళ్ళ కోసం సగం గరిటె పట్టే చిన్న కాఫీ కప్పులు రెండు డజన్లు కొన్నాను.

మీ నాన్నగారి విషయం. చేర్చాక మొదటి రెండు వారాలు చాలామంది గదికే క్యారేజీ పంపమంటారు. రెండు మూడు రోజులు పంపనివ్వండి, తర్వాత హాల్లోకే రావాలి. కొత్తగా భార్య పోయినాయన ఒంటరిగా ఎదురుగా గోడ చూస్తూ తింటే సగమే తింటాడు. ఆయనలాంటి మాస్టారో, పేపరు చదివే మనిషో ఉన్న టేబులు దగ్గర చోటివ్వమనండి. ఇంట్లో ఆయన తిన్న కంచం, గ్లాసు తీసుకెళ్ళండి. అమ్మగారు ఎలా వండేవారో మూడు వంటలు కాగితం మీద రాసి పెద్ద వంటమనిషి చేతికే ఇవ్వండి. పులుసులో బెల్లం ఎంత, చారు పలచనా చిక్కనా, పెరుగు పులవాలా వద్దా, అవి చాలు.

ఫోను భోజనాల వేళ చెయ్యొద్దు. చేసినప్పుడు "తిన్నారా నాన్నా" అనీ అడగొద్దు, తిన్నాననే అంటారు. "ఈవేళ ఏం కూర? పక్కనెవరు కూర్చున్నారు?" అని అడగండి. కూర పేరు చెప్పలేకపోతున్నారంటే వంటశాలకి ఫోను చేసే టైమొచ్చినట్టు.

రాత్రిపూట బయటివాళ్ళని రానివ్వమని గేటు దగ్గరే ఆపేస్తే గొడవపడకండి, వాళ్ళకీ కారణాలుంటాయి. మర్నాడు పొద్దున్న ఏడున్నరకి టిఫిను వేళ వెళ్ళండి. అప్పుడూ కుదరదంటే ఇంకో చోటు చూసుకోండి.